నాన్నా, ఆ స్ప్రింగు డబ్బా మాత్రం విప్పొద్దు

ఎడిసన్, న్యూజెర్సీ

నాన్నా,

మొన్న ఫోన్లో చెప్పావు కదా, అటక మీంచి తాతయ్య గ్రామఫోను దింపించాననీ, కీ ఇస్తే లోపల దబ్‌మని దెబ్బ వినపడుతోందనీ, ప్లేటు సగానికొచ్చేసరికి పాట నీరసపడి సాగిపోతోందనీ, సైకిల్ షాపతన్ని పిలిచి విప్పిద్దామనుకుంటున్నాననీ. మధ్యలో లైను కట్టయిపోయింది, అందుకే కూర్చుని రాస్తున్నా. ముందు ఒక్క మాట, అతన్ని పిలవొద్దు నాన్నా. మోటారులో గుండ్రటి ఇనప డబ్బా ఒకటుంటుంది, స్ప్రింగు చుట్టంతా దాన్లోనే ఉంటుంది, నేనొచ్చేదాకా దాని మూత ఎవరూ తియ్యకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈ చలికాలం శని ఆదివారాలన్నీ నాకు ఆ పనితోనే గడిచాయి. ఇక్కడ ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే విక్ట్రోలా అనే పాతకాలం గ్రామఫోను కొన్నాను, మన దాన్లా సూట్‌కేసు మోడలు కాదు, బీరువాలా నిలబడి ఉండేది, హారన్ కూడా లోపలే ఉంటుంది, ముందు చిన్న తలుపులు తీస్తే గొంతు పెరుగుతుంది. ఈ రాష్ట్రంలోనే క్యామ్‌డెన్‌లో చేసేవాళ్ళు, ఆ ఫ్యాక్టరీ టవరు ఇప్పటికీ ఉంది, కిటికీ అద్దాల్లో మన హెచ్‌ఎంవీ ప్లేట్ల మీదుండే కుక్క బొమ్మే. 1877లో ఎడిసన్ మొదటి ఫోనోగ్రాఫు చేసిన మెన్లో పార్కు కూడా మా ఊళ్ళోనే, కూరగాయలకి వెళ్తూ అక్కడ ఆయన జ్ఞాపకార్థం కట్టిన స్తంభం పక్కనుంచే పోతుంటా. ఇంకో సంగతి తెలుసా, ఆ రోజుల్లో వీళ్ళ ప్లేట్లలో పోసిన లక్క మన దేశం నుంచి వచ్చిందే, అది చదివినప్పట్నించీ ఒక్కో ప్లేటూ చేతిలోకి తీసుకుంటే మన సొంత వస్తువులాగే అనిపిస్తోంది.

సరే, దబ్ సంగతి. లోపలి స్ప్రింగు అంగుళం వెడల్పు ఉక్కు పట్టీ, నా దాన్లో రెండున్నాయి, విప్పి పరిస్తే ఒక్కోటీ పన్నెండు అడుగుల పైనే. చుట్టుకీ చుట్టుకీ మధ్య గ్రీజు మెత్తగా ఉంటే జారుకుంటూ నెమ్మదిగా విచ్చుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడకపోతే ఆ గ్రీజు ఎండి బంకవుతుంది, చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, బలం పెరిగి పెరిగి ఒక్కసారిగా ఊడొస్తాయి, నువ్వు విన్న దెబ్బ చాలామటుకు అదే. స్ప్రింగు విరిగిపోయుంటే పాట సగం దాకా కూడా రాదు, కీ పట్టు లేకుండా ఊరికే తిరుగుతుంది.

నేను కీ మొత్తం దిగేదాకా ప్లేటు పెట్టే పళ్ళెం తిరగనిచ్చి, అది ఆగాకే మోటారు బయటికి తీశాను, అయినా డబ్బాలో ఇంకా బలం మిగిలే ఉంటుంది నాన్నా, చాలామందికి దెబ్బలు తగిలేది అక్కడే. తోలు గ్లోవ్స్, కళ్ళద్దాలు, పైన మందపాటి దుప్పటి, లోపలి చివర్ని ప్లయర్‌తో పట్టుకుని ఒక్కో చుట్టూ వదిలా. చివరి రెండు చుట్లు పట్టు తప్పి బుస్‌మని లేచాయి, గ్లోవ్ బొటనవేలు దగ్గర బ్లేడుతో కోసినట్టు చీలింది, లోపల వేలుకి ఏమీ కాలేదు, అమ్మకి మాత్రం చెప్పకు. లోపలి గ్రీజు తారులా నల్లగా, గోరు పెడితే పెచ్చులుగా ఊడుతోంది. పట్టీ పొడవునా కిరసనాయిల్ గుడ్డతో తుడిచి తుడిచి, పగుళ్ళేమన్నా ఉన్నాయేమోనని అంగుళం అంగుళం లైటు కింద చూసి, మోలీ గ్రీజు పల్చగా రాసి మళ్ళీ చుట్టుకుంటూ డబ్బాలో కూర్చోబెట్టా, బయటి చివర ఉన్న కన్నం డబ్బా గోడకున్న మేకుకి తగులుకోవాలి, ఆ తగులుకున్న చిన్న టక్ శబ్దం కోసం ఒక సాయంత్రమంతా పట్టింది.

అయినా పాట అలలు అలలుగా వచ్చింది, తప్పు వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు అనే భాగానిది. సన్నటి కడ్డీ చుట్టూ మూడు సీసపు గుండ్లు పల్చటి రేకులకి బిగించి ఉంటాయి, వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని ఒక చక్రాన్ని లాగుతాయి, ఆ చక్రం బ్రేకు మెత్త మీద రాసుకుని వేగం తగ్గుతుంది, ఎంత తెలివైన పనో చూడు. నా దాన్లో ఒక రేకు స్క్రూ దగ్గర వెంట్రుకంత చీలుంది, మూడూ కొత్తవి వేశాకే పాట నిలబడింది.

నువ్వు చెయ్యగలిగింది ఉంది. పళ్ళెం రెండు చేతులతో సమంగా పైకి లాగి తీసి, పై పలక స్క్రూలు విప్పితే మోటారుతో సహా లేస్తుంది, కానీ కీ పూర్తిగా దిగాకే. గవర్నరు కడ్డీ రెండు చివర్లా, బ్రేకు మెత్త మీదా అమ్మ కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క, అంతే. గవర్నరు చివర్లకి చిక్కటి గ్రీజు వద్దు, మోటారు బరువెక్కుతుంది, గ్రీజు అక్కడున్న పళ్ళ చక్రాలకే. కొబ్బరి నూనె, ఆముదం అస్సలొద్దు, కొన్నాళ్ళకి అవే బంక. తలుపు బందులకి కొట్టే స్ప్రే కూడా వద్దు. తర్వాత ప్లేటు అంచు కింద చిన్న కాగితం ముక్క దూర్చి, ముల్లు పెట్టి పాట పాడుతుండగానే లెక్కపెట్టు, నిమిషానికి 78 చుట్లు రావాలి, అరనిమిషానికి 39. ఇక్కడ పళ్ళెం మీద 92 గీతల గుండ్రటి కాగితం పెట్టి కరెంటు బల్బు వెలుగులో చూస్తారు, గీతలు కదలకుండా నిలబడినట్టు కనపడితే వేగం సరిపోయినట్టు, కానీ అది 60 సైకిల్స్ కరెంటుకి, మన 50కి 77 గీతలది కావాలి, నేను ప్రింటు తీసి తెస్తాలే. ముల్లు మాత్రం ఒక్కో వైపుకీ కొత్తది, పొదుపు చెయ్యొద్దు, అరిగిన ముల్లు ప్లేటుని కోసేస్తుంది, తాతయ్య పద్యాల ప్లేట్లు మళ్ళీ దొరకవు.

సంక్రాంతికి టికెట్టు చూస్తున్నా. గ్రామఫోను మీద చిన్న రేకు ముక్క మీద మోడలు నంబరు ఉంటుంది, నాకు గుర్తున్నంతవరకు 102, తమ్ముడి ఫోన్లో ఫొటో తీయించి పంపు, సరిపోయే స్ప్రింగు ఒకటి ఇక్కడే కొని తెస్తా.

నీ
చిన్నమ్మాయి