నీ పాత ట్యూబులు చూసిన, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నువ్వు బస్సుల పంపిన పార్సిల్ అందింది. పండగకు చీర పంపినవేమో అని మీ అమ్మ ఉరికొచ్చి విప్పింది. చూస్తే ఏడు పాత ట్యూబులు. ఆమె నా దిక్కు ఎట్ల చూసిందో నీకు చెప్పనక్కర లేదు.

"పంచరు కాని టైరు పేరు చెప్పు బాపూ, దసరాకు కరీంనగర్ నుంచి సైకిల్ మీదనే వస్త" అని నువ్వడిగితే, నేను పాత ట్యూబులు పంపమన్న. నీకు కోపమొచ్చిందని నాకెరుకే. కాశిబుగ్గల ముప్పై ఏండ్లు పంచర్లు వేసినోన్ని, బొక్క చూడకుంట టైరు చెప్పమంటే నాతోని కాదు.

నిన్న పొద్దున ఒక్కోదానికి గాలి కొట్టి బకెట్ల ముంచిన. మూడింట్ల బొక్క కంటికి కూడ ఆనలేదు. నీళ్లల్ల ఆవగింజలసుంటి బుడగలు వరుసగ లేస్తే తెలిసింది. టైరు లోపట దూది తోని తుడువుమంటే దూదికి తట్టుకున్నదని ఒక తీగముక్కను కాగితంల మడిచి పంపినవు చూడు, అదే దొంగ. బియ్యపుగింజల సగం లేదు, వెంట్రుకంత మందం. లారీల రేడియల్ టైర్లల్ల ఉక్కు తీగలుంటయి. టైరు పగిలినప్పుడు అవి ముక్కలై రోడ్డు అంచుకు చేరుతయి. నువ్వు తెల్లారి రాజీవ్ రహదారి మీద తొక్కేది ఆ అంచుకే. ఆ రోడ్డు మీద గ్రానైట్ లారీలు ఎన్ని తిరుగుతయో నాకన్న నీకే ఎక్కువ ఎరుక.

నాలుగోది పల్లేరుకాయ. ముల్లు విరిగి ట్యూబుల్నే ఉండిపోయింది. ఎట్ల పడ్డా ఒక ముల్లు పైకి చూసేటట్టు దేవుడు చేసిన కాయ అది.

ఇగ మిగిలిన మూడు చూడు. రెండింటికి పక్కపక్కన జంట బొక్కలున్నయి, పాము కరిచినట్టు. గాలి తక్కువ ఉన్నప్పుడు గుంతల పడితే రిమ్ముకు రోడ్డుకు నడుమ ట్యూబు నలిగి అట్ల అయితది. ఏడోదానికి బొక్క రోడ్డు దిక్కు కాదు, రిమ్ము దిక్కున్నది. రిమ్ము మీది పట్టీ పక్కకు జరిగి, స్పోకు పుల్ల బిగించే రంధ్రం అంచు ట్యూబును కోసింది. కోటగోడ అసుంటి టైరు వేసినా ఈ మూడు అయ్యేవే. అంటే టైరు మారిస్తే ఏడింట్ల నాలుగే ఆగుతయి. కొత్త టైర్లకు వేల రూపాయలు పెట్టే ముందు ఆ పట్టీ మార్చు, చిన్న ఖర్చుల అయిపోయే పని.

ఇగ టైర్ల సంగతి. పంచరు ఆపేటందుకు కంపెనీలు చేసేది ముఖ్యంగ రెండు తీర్లు. ఒకటి, పై రబ్బరు కింద గట్టి నేత పట్టీ పెడుతరు. కెవ్లార్ అని వినే ఉంటవు, బుల్లెట్లు ఆపే జాకెట్లల్ల వేస్తరు. 1965ల స్టెఫనీ క్వోలెక్ అనే ఆమె డూపాంట్ కంపెనీల కనిపెట్టింది. ఆమె వెతికింది జాకెట్ల కోసం కాదు, టైర్లల్ల ఉక్కుకు బదులు తేలిక పోగు దొరుకుతదేమో అని. బుల్లెట్టునే ఆపేది తీగముక్కను ఆపదా అంటవేమో. గాజుపెంకును మంచిగ ఆపుతది. కానీ తీగ సూది అసుంటిది, నేత సందుల నుంచి దూరుతది.

రెండోది, మందం రబ్బరు మెత్త. ష్వాల్బే మారథాన్ ప్లస్ టైరుల 5 మిల్లీమీటర్ల మెత్త ఉంటది. తీగ గుచ్చుకున్నా ట్యూబు దాకా అందదు. పల్లేరుకు దీన్ని మించింది లేదు. కానీ బరువు, బిర్రు. నీ సన్న సైకిల్‌కు అది వేస్తే లేగదూడ మెడకు కాడి కట్టినట్టే ఉంటది. రోజూ సామాను కట్టుకొని తిరిగేటోళ్లకు మంచిది, నీకు వద్దు.

నడిమి రకం తీసుకో. వెనుకకు కాంటినెంటల్ గేటర్‌స్కిన్, ముందటికి అదే కంపెనీ గ్రాండ్ ప్రీ ఫోర్ సీజన్. గేటర్‌స్కిన్‌కు లోపట పట్టీ తోని పాటు పక్కలకు కూడ గట్టి నేత ఉంటది, కంకర గీరినా తొందరగ చిరగదు. అయితే దాని రబ్బరు గట్టిది, తడి రోడ్డు మీద నాకు నమ్మకం తక్కువ. ఫోర్ సీజన్‌ల వెక్ట్రాన్ అనే పోగు పట్టీ రెండు వరుసలుంటది, తడిల పట్టు మంచిగుంటది. రెండూ ఒక్కటే ఎందుకు కొనవద్దంటే, వెనుక చక్రం జారితే సముదాయించుకుంటవు, ముందటిది జారితే పడుడే. పంచర్లు మాత్రం వెనుకకే ఎక్కువ. నీ బరువు దాని మీదనే ఎక్కువుంటది, పైంగ ముందటి చక్రం పడుకున్న తీగను లేపి నిలబెడితే వెనుకది పోయి ఎక్కుతది. నా దుకాణంల నల్ల సైకిళ్లకు కూడ ఇదే లెక్క.

సైజు 28 మిల్లీమీటర్లది తీసుకో, 25 వద్దు. ముందుగాల బ్రేకు కాడ, ఫోర్కు కాడ టైరుకు నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉంటదో లేదో చూసుకో. ఇంకోటి, పక్కన 28-622 అని రాసి ఉండాలె. ఇది ఎందుకు చెప్తున్ననంటే, పోయిన నెల నీకు తెలువకుంట నేనే ఒక 28 టైరు కొనుక్కొచ్చిన. ఇంటికొచ్చి చదివితే 28 × 1½ అంగుళాలు, మన పాత నల్ల సైకిల్‌ది. దాని రిమ్ము అడ్డం 635 మిల్లీమీటర్లు, నీది 622. దుకాణమాయన తప్పు లేదు, నేను అడిగిందే ఆయన ఇచ్చిండు. ముప్పై ఏండ్ల అనుభవం! మీ అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వు కూడ చెప్పకు.

గాలి సంగతి జర మనసు పెట్టి విను. టైరు పక్కన రాసింది గరిష్ఠం, అంత కొట్టాలని కాదు. నీ 60 కిలోలకు 28 టైరైతే వెనుక 75 పీఎస్ఐ, ముందట 70 దగ్గర మొదలుపెట్టు. సన్న ట్యూబులల్ల గాలి ఊకెనే దిగుతది, వారానికొకసారన్న చూడాలె. బొటనవేలు తోని ఒత్తి చూసుడు నల్ల సైకిల్‌కు నడుస్తది, దీనికి నడువదు. మీటరున్న పంపు కొను. నీ వాల్వు సన్నది, రోడ్డు పక్క పంచరు దుకాణంల పంపు దానికి ఎక్కదు. దానికి ఎక్కించే ఇత్తడి ముక్క దొరుకుతది, రెండు సంచిల వేసుకో. గాలి కొట్టేటప్పుడు కొసను మెల్లగ విప్పుమను. అసుంటి సైకిల్ మొదటిసారి నా దుకాణానికి వచ్చినప్పుడు ఆ కొస విరగ్గొట్టింది నేనే, పాపం ఆ స్టూడెంటు నడుచుకుంట పోయిండు.

టైరు లోపట వేసే ప్లాస్టిక్ పట్టీలు కొనకు, వాటి అంచే ట్యూబును రాకుతది.

మానకొండూరు దాటినంక రోడ్డు మీద మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడుతరు. గింజల మీదికెల్లి తొక్కకు, రాయి మీద ఎక్కకు. నీళ్లు తాగనీకి ఆగితే సైకిల్‌ను గడ్డిలకు నడిపియ్యకు, ఎత్తి పెట్టు. పల్లేర్లు ఉండేది అక్కడనే. హుజూరాబాద్‌ల చాయ్ తాగేటప్పుడు రెండు టైర్లను ఒకసారి తిప్పి చూడు. తీగ ఒక్క చుట్టుకే లోపటికి పోదు, తిరిగినకొద్దీ దిగుతది. అప్పుడే గోరు తోని పీకేస్తే అయిపాయె.

రెండు కొత్త ట్యూబులు, టైరు విప్పే లీవర్లు, చిన్న పంపు మరువకు. నువ్వు పంపిన ట్యూబులల్ల అయిదింటికి ప్యాచి వేసిన, మంచిగున్నయి. జంట బొక్కలయి రెండు పక్కన పెట్టిన, తంగేడు పూల కట్టలు కట్టనీకి మీ అమ్మ కోసి రబ్బర్లు చేసుకున్నది.

ఎల్కతుర్తి కాడికొచ్చినంక ఫోన్ చెయ్యి. హసన్‌పర్తి దాకా నేను నల్ల సైకిల్ మీద ఎదురొస్త.

మీ బాపు