భోగి మంటలో ఈసారి టైర్లు వద్దండీ

అందరికీ నమస్కారం 🙏

భోగి మంట ఎప్పటిలాగే తెల్లవారుజామున 5 గంటలకు, బ్లాక్ వెనక ఖాళీ స్థలంలో. ఒక్కటే మార్పు: టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పీవీసీ పైపులు, పెయింటు తలుపులు తేవద్దు.

పోయినేడు ఎవరో స్కూటర్ టైరు పడేశారు, గుర్తుందా? మా వంటింటి కిటికీ జాలీకి నల్లటి జిడ్డు పట్టి, సర్ఫ్‌తో రుద్దినా వదల్లేదు. ఊపిరితిత్తుల్ని అలా రుద్దుకోలేం కదా.

చలికాలం తెల్లవారుజామున కింది గాలి చల్లగా, పైది వెచ్చగా ఉంటుంది. అందుకే పొగ పైకి పోక నేలబారునే పరుచుకుంటుంది. పైగా మన విశాఖ కొండల మధ్య గిన్నెలాంటిది: అటు యారాడ కొండ, ఇటు సింహాచలం. లారీల డీజిల్ పొగ, రోడ్ల దుమ్ము ఎలాగూ ఉన్నవే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన ఊరూ ఉంది మరి.

పీవీసీ కాలిస్తే డయాక్సిన్లనే విష రసాయనాలు వస్తాయి. అవి గడ్డి మీద పడి, ఆవు మేసి, చివరికి మన పాలలోకే చేరతాయి.

తేవాల్సినవి: పిడకల దండలు, తాటాకులు, రంగు వేయని ఎండు కర్ర. ముందురోజు సాయంత్రం 6 లోపు వాచ్‌మన్ గది దగ్గర పెట్టండి. పాత ప్లాస్టిక్ ఉంటే విడిగా మూట కట్టండి, స్క్రాప్ బండికి ఇచ్చేద్దాం.

ఆయాసం ఉన్న పెద్దవాళ్లు గాలి వాలుకు నిలబడొద్దు, కిటికీలు 8 దాకా మూసే ఉంచండి.

పిడకలు ఎవరు తెస్తున్నారో ఇక్కడే చెప్పండి. పోయినసారి అందరూ తాటాకులే తెచ్చారు 😄