తిరువొత్తియూరులో ఉన్న రమణకు

సదాశివపేట

అరేయ్ రమణా,

ఉత్తరం అందింది. ఇల్లు దొరికినందుకు సంతోషం. చెన్నై మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరమంటే ఇంకేం కావాలి? కానీ “ఈ ఊళ్లో సముద్రం, ఫ్యాక్టరీలు తప్ప ఏముందిరా” అన్నావే, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. త్యాగరాజస్వామి వచ్చి త్రిపురసుందరి అమ్మవారి మీద కీర్తనలు పాడిన ఊరు అది. అది పక్కన పెట్టినా, టైర్లమ్ముకుని బతికే నాబోటిగాడికి తిరువొత్తియూరు చిన్నపాటి క్షేత్రమే. మన పేటలో ఇంతమందికి అన్నం పెడుతున్న ఎంఆర్‌ఎఫ్ టైర్ల కంపెనీ పుట్టింది అక్కడే, ఒక రేకుల షెడ్డులో. అదీ టైర్లతో కాదు, పిల్లలాడుకునే బుడగలతో.

1946 మాట. దాన్ని మొదలుపెట్టిన కె. ఎం. మమ్మెన్ మాప్పిళ్ళైకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. బీదింటి కుర్రాడేం కాదు. తండ్రి మలయాళ మనోరమ పత్రిక సంపాదకుడు, కుటుంబానికి బ్యాంకు కూడా ఉండేది. ట్రావన్‌కోర్ దివాన్ సర్ సి. పి. రామస్వామి అయ్యర్‌తో పడక అన్నీ ఊడ్చుకుపోయాయి. 1938లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడింది, పత్రికకు తాళం పడింది, తండ్రి జైలుకెళ్లాడు. కొడుకు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ హాస్టల్‌లో నేలమీదే పడుకున్నాడట. అలాంటివాడు పెళ్లయ్యాక భార్య కుంజమ్మ తోడుగా బుడగలు తయారుచేసి, సంచిలో వేసుకుని మద్రాసు వీధుల్లో తిరిగి అమ్మాడు. 1949కల్లా తంబుచెట్టి వీధిలో చిన్న ఆఫీసు తెరిచాడు, రబ్బరు బొమ్మలూ చేతి తొడుగులూ కూడా మొదలుపెట్టాడు. ఆ వీధి జార్జిటౌన్‌లో హైకోర్టుకి దగ్గరే. ఆదివారం తీరిక దొరికితే ఓ చుట్టు చుట్టి రా.

ఈ బుడగల కథ అందరూ చెప్పేదే. షేరు రేటు లక్ష దాటినప్పుడు వాట్సాప్‌లో ఎన్నిసార్లు వచ్చిందో. నా లెక్కలో అసలు మలుపు అది కాదురా, 1952. ఆ ఏడు ఆయన ట్రెడ్ రబ్బరు మొదలుపెట్టాడు. నీకు ఈ సరుకు గురించి తెలీదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోకు.

లారీ టైరు బటన్, అంటే రోడ్డుకి తగిలే పైపొర గాళ్లు, అరిగి నున్నగా అయిపోయినా, లోపలి కేసింగ్, అంటే టైరు ఒళ్లు, గట్టిగా ఉంటే దాన్ని పారేయరు. పైపొరను మిషన్ మీద పెట్టి గరుకుగా చెక్కుతారు. ఎక్కడైనా మేకు దిగిన చోటుంటే పూడుస్తారు. రబ్బరు సొల్యూషన్ పూసి, ఆరాక కొత్త ట్రెడ్ రబ్బరు పట్టీని చుట్టూ అంటించి, అచ్చులో పెట్టి ఉడికిస్తారు. బయటికి తీసేసరికి మళ్లీ గాళ్లు పడి ఉంటాయి. కొత్త టైరు ఖర్చులో కొంత భాగంతోనే లారీ మళ్లీ రోడ్డెక్కుతుంది. లారీ ఓనరుకి ఇదే ప్రాణం. ఆ పట్టీ నాసిరకమైతే ఎండాకాలం ఘాట్ రోడ్డు మధ్యలో పొరలా ఊడి వస్తుంది. మా షాపు ముందు అలా ఊడిన టైరుతో ఆగి, అమ్మినవాణ్ణి అమ్మనా బూతులు తిట్టని డ్రైవరు లేడు.

అప్పట్లో ఈ సరుకు విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. మాప్పిళ్ళై బుడగల మీద సంపాదించినదంతా తెచ్చి ఇందులో పోశాడు. 1956 నాటికి దేశంలో ట్రెడ్ రబ్బరు అమ్మకాల్లో సగం ఆయనదే. అంటే టైరు చేయకముందే, అరిగిన టైర్ల వల్ల మన రోడ్లెలాంటివో, మనవాళ్లు ఎంత ఓవర్‌లోడు వేస్తారో కంపెనీకి బాగా తెలిసిపోయింది.

తర్వాతే టైరు. 1960లో మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ, అదే ఎంఆర్‌ఎఫ్, కంపెనీగా నమోదైంది. అమెరికాలో ఒహాయోకు చెందిన మాన్స్‌ఫీల్డ్ కంపెనీతో సాంకేతిక ఒప్పందం కుదిరింది, 1961లో తొలి టైరు బయటికొచ్చింది. ఎదురుగా డన్‌లప్, ఫైర్‌స్టోన్, గుడ్‌ఇయర్! పైగా ఆ అమెరికా టెక్నిక్ అక్కడి రోడ్లకు తగ్గది, ఇక్కడ సరిపడలేదు. అందుకే సొంతంగా పరిశోధనకు దిగారు. 1963లో నెహ్రూ వచ్చి తిరువొత్తియూరులోనే రబ్బరు పరిశోధన కేంద్రానికి శంకుస్థాపన చేశాడు. 1967లో ఎంఆర్‌ఎఫ్ ఏకంగా అమెరికాకే టైర్లు ఎగుమతి చేసింది, ఆ పని చేసిన మొదటి భారతీయ కంపెనీ అదే. నేర్పిన మాన్స్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ మాత్రం 1970ల చివర్లో మూతపడింది.

ఎంఆర్‌ఎఫ్ గుర్తుగా టైరెత్తి పట్టుకున్న కండలవాడి బొమ్మ ఉంటుందే, అది 1964 నాటిది. ప్రకటనలు చేసే అలీక్ పదమ్‌సీ లారీ డ్రైవర్లతో మాట్లాడితే, టైరంటే పహిల్వాన్‌లా ఉండాలన్నారట. ఇక క్రికెట్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. 1987లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీతో పేస్ ఫౌండేషన్ అనే బౌలింగ్ శిక్షణ కేంద్రం పెడితే, ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకుంటానని వచ్చిన పిల్లాణ్ణి లిల్లీ “బ్యాటింగ్ చూసుకో” అని పంపేశాడు. ఆ పిల్లాడు సచిన్. తర్వాత ఎంఆర్‌ఎఫ్ పేరే అతని బ్యాటు మీద ఎక్కింది!

ఎంఆర్‌ఎఫ్ షేరు కొనమంటావా అని అడిగావు. 2023 జూన్ 13న లక్ష దాటింది నిజమే, మన దేశంలో అదే మొదటిసారి. కానీ దాన్ని చూసి దేశంలో అన్నింటికన్నా పెద్ద కంపెనీ అనుకోకు. మొత్తం షేర్లే 42 లక్షల చిల్లర, వాటిని ఎన్నడూ చిన్న ముక్కలుగా విడగొట్టలేదు, అందుకే ఒక్కోటి అంత రేటు. ఇంకోటి కూడా తెలుసుకో. పెద్ద టైరు కంపెనీలు ధరల విషయంలో కుమ్మక్కయ్యాయని కాంపిటీషన్ కమిషన్ జరిమానా వేసింది, ఎంఆర్‌ఎఫ్ వాటా 622 కోట్లు. ఆ ఆర్డరు 2022లో బయటికొచ్చింది. అదే ఏడు చివర్లో అప్పీలు ట్రిబ్యునల్ మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపింది. వీధుల్లో బుడగలమ్మిన మనిషి మీద నాకు గౌరవం ఉంది కానీ, పెద్దయ్యాక కంపెనీలన్నీ ఒక తానులో గుడ్డలే అనిపిస్తుంది.

నీ కారుకి కొత్త టైర్లు వేయించాలన్నావు కదా. ఏ కంపెనీదైనా సరే, టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, అవి చూసి కొను. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారం తయారీ. రెండేళ్లు గోడౌన్లో మగ్గిన సరుకు అంటగడతారు, ‘కొత్తదే సార్, వెంట్రుకలు చూడండి’ అని మాయ చేస్తారు. అచ్చులో గాలి పోయే రంధ్రాల్లోకి రబ్బరు దూరి అలా మొలుస్తాయంతే, వయసుతో వాటికి సంబంధం లేదు. సైజు రాసి పంపు, ఇక్కడి రేటు కనుక్కుని ఫోన్ చేస్తాను.

నీ
సత్తిగాడు