కార్యదర్శి వార్షిక నివేదిక: ఓజు మూకీ చిత్రం, తెర పక్కన వాద్యబృందం

సభ్యులందరికీ నమస్కారం.

టోక్యోలోని మన తెలుగు సంఘం తరఫున ఉగాది, వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చులు కోశాధికారి పత్రంలో చూడగలరు. ఈ నివేదికలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అక్టోబరులో వేసిన మూకీ సినిమా గురించి.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1932లో షోచికు సినిమా సంస్థకు తీసిన 'ఉమరెతె వా మితా కెరెదొ' చూశాం. 'పుట్టడమైతే పుట్టాం గానీ...' అనుకోవచ్చు. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది కూడా ఆ ఏడాదే. జపాన్‌లో 1931లోనే పూర్తి టాకీ వచ్చింది, కానీ ఓజు తొలి టాకీ 1936లో గానీ రాలేదు.

మూకీ అన్నారే గానీ అప్పటి హాళ్లలో సందడికి తక్కువ లేదు. బెన్షి అనే కథకుడు తెర పక్కన నిలబడి అన్ని పాత్రలకూ గొంతు మారుస్తూ కథ నడిపించేవాడు. హరికథ విన్నవాళ్లకు ఆ పని ఇట్టే అర్థమవుతుంది. వయొలిన్, క్లారినెట్‌లతో షమిసెన్ అనే మూడు తీగల జపాన్ వాద్యం, తైకో అనే డోళ్లు కలిపి వాయించే బృందాలు ఉండేవి. టాకీలొచ్చి వీళ్లందరి పొట్టమీద కొట్టాయి. ఉద్యోగాలు పోతున్నాయని బెన్షీలు సమ్మె చేశారు. దర్శకుడు అకిరా కురొసావా అన్నగారు కూడా అందులో ముందు నిలిచిన బెన్షీయే.

మన ప్రదర్శనకు ఇక్కడి కళాకారులు ముగ్గురు పియానో, క్లారినెట్, షమిసెన్ వాయించారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం, మధ్యలో మాటలు రాసి చూపే జపనీస్ టైటిల్ కార్డులను మన సభ్యులిద్దరు తెలుగులో చదివారు.

కథ చిన్నది. కొత్త ఊరికి మారిన అన్నదమ్ములిద్దరూ వీధి పిల్లల మీద గెలవడానికి పిచ్చుక గుడ్లు పచ్చివే మింగుతారు. వాళ్ల నాన్నేమో యజమాని ముందు వంగి వంగి దణ్ణాలు పెడుతుంటాడు. మొదటి రిహార్సల్‌లో పిల్లలు పడ్డప్పుడల్లా క్లారినెట్ కళాకారిణి ఒక నవ్వు పుట్టించే వరుస వాయించారు. రెండోసారికి ఆవిడే అవన్నీ తీసేశారు. పిల్లలకు ఆ గొడవ ప్రాణసంకటం కదా, మనం నవ్వమని చెప్పక్కర్లేదు అన్నారు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

అసలు పరీక్ష యజమాని ఇంట్లో సినిమా చూపించే ఘట్టం. అక్కడ చూపించే సినిమాలో నాన్న కోతి చేష్టలు చేస్తుంటాడు, అందరూ నవ్వుతుంటారు. క్లారినెట్ ఆ హుషారు పాట ఆపలేదు. పియానో మాత్రం అన్నదమ్ముల ముఖాలు కనిపించగానే తప్పుకుంది. మన పిల్లల్లో ఒకడు "వాళ్ల నాన్న ఎందుకలా చేస్తున్నాడు?" అని పైకే అడిగేశాడు. తర్వాత పిల్లలు అన్నం మానేయడం, చివరికి ఉండలు కట్టిన అన్నం నాన్న పక్కనే కూర్చుని తినడం... అక్కడ పియానో మళ్లీ నెమ్మదిగా అందుకుంది.

రికార్డు చేసిన సంగీతానికి ఈ పని చేతకాదు. హాల్లో నవ్వు ఆగకపోతే పియానో అదే వరుసను ఇంకోసారి తిప్పి వాయించి ఆగింది. ఈ సినిమాలో వెనక రైళ్లు వెళ్తూనే ఉంటాయి. వాటికి షమిసెన్ ఒక దరువు పెట్టుకుంది. సగం సినిమా అయ్యేసరికి ముందు వరుస పిల్లలు రైలు కనపడగానే కుర్చీ చేతుల మీద అదే దరువు వేస్తున్నారు.

కళాకారులకు రిహార్సల్స్‌కు కూడా పారితోషికం ఇచ్చాం. టికెట్ల డబ్బు చాలక మిగతాది సంఘం నిధి నుంచి తీశాం. ఇది సబబైన ఖర్చేనని, భోజనం పెట్టి శాలువా కప్పితే సరిపోదని నా గట్టి అభిప్రాయం.

వచ్చే ఏడాదికి తెయినొసుకె కినుగాసా 1926లో తీసిన 'కురుత్త ఇప్పేజి' అనే మూకీ వేద్దామనుకుంటున్నాం. పోయిందనుకున్న ఈ చిత్రాన్ని 1971లో దర్శకుడే తన సామాన్ల గదిలో కనుగొన్నారు. దీనిలో టైటిల్ కార్డులే లేవు కాబట్టి చదవడానికేమీ ఉండదు, భారమంతా సంగీతం మీదే. మృదంగం, వయొలిన్ వచ్చిన సభ్యులు తమతో కలిసి వాయిస్తే బాగుంటుందని ఆ ముగ్గురూ అడిగారు. రిహార్సల్స్‌కు వారాంతాల్లో రాగలిగినవారు సంక్రాంతిలోపు నాకు పేర్లు ఇవ్వండి.

— కార్యదర్శి