చీనీ (బత్తాయి) తోటల జిల్లాలో బడిపిల్లల చేతికి పండు: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, కాలువల పూడికతీత, వినాయక చవితి ఈ ఏడాదీ ఎప్పట్లాగే జరిగాయి. వాటి లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు బడి పండ్ల పనికే ఇస్తున్నాను. ఏడాదంతా మన ధ్యాస దాని మీదే ఉంది.

2020 సెప్టెంబరులో మన అనంతపురం నుంచి పండ్లు, కూరగాయలతో కిసాన్ రైలు ఢిల్లీకి బయల్దేరింది. తాడిపత్రి నుంచి అరటి రైళ్లలో ముంబై రేవుకు పోయి విదేశాలకు ఓడ ఎక్కుతోంది. ఇదే అనంతపురంలో, మన పక్కనున్న సర్కారు బడిలో ఒక పిల్లోణ్ణి "చీనీకాయ ఎప్పుడు తిన్నావురా?" అనడిగితే "జ్వరమొచ్చినప్పుడు" అన్నాడు. ఆ మాట విన్నాకే ఈ పనికి పూనుకున్నాం.

బడిలో భోజనం లేదని కాదు. మన రాష్ట్రంలో 2003 నుంచి వండిన భోజనం పెడుతున్నారు. ఇప్పుడు గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా ఇస్తున్నారు. కూరగాయలు మాత్రం నిబంధన ప్రకారం ఐదో తరగతి దాకా పిల్లకు రోజుకు 50 గ్రాములు, ఆ పైన ఎనిమిది దాకా 75 గ్రాములు. చారులో ఉడికాక అవి ఎన్ని ముక్కలవుతాయో వండే అక్కలకు తెలుసు. అందుకే వారానికి రెండు రోజులు పండ్లు, పచ్చిగా తినే కూరగాయలు మనం ఉచితంగా ఇస్తున్నాం.

మొదట్లో ఒక తప్పు చేశాం. చవగ్గా వస్తాయని రెండు రోజులకూ సరిపడా బొప్పాయి ఒకేసారి కొన్నాం. రెండో రోజుకు సగం మెత్తబడి పారేయాల్సొచ్చింది. సభ్యుల డబ్బు అలా పోయినందుకు కమిటీ తరఫున క్షమించమని అడుగుతున్నాను. అప్పట్నుంచి ఏ రోజుకారోజు తెల్లారుజామునే రైతుబజారుకు పోయి తెస్తున్నాం. ఉప్పునీళ్లలో కడిగి, బడిలోనే కోస్తున్నాం.

చీనీకాయను భోజనంతో పాటే ఇవ్వాలని పట్టుబట్టాం. ఆకుకూర, రాగుల్లో ఉండే ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి. ఇంటికి పోగానే టీ తాగించొద్దని కూడా తల్లులకు చెప్పాం, అది ఇనుమును అడ్డుకుంటుంది. రక్తం చాలక పల్చటి ఒంటితో, తెల్లబడిన కళ్లతో తిరిగే ఆడపిల్లలున్న ఊళ్లో ఇది చిన్న మాట కాదు.

మూడో తరగతి పాప ఒకతి తన తొనల్లో రెండే తిని, మిగిలినవి పుస్తకం చించిన కాగితంలో చుట్టి సంచిలో దాచుకుంది. అడిగితే "చెల్లికి" అంది. చెల్లి ఇంకా బడి వయసుకు రాలేదు. ఆ వారం నుంచి ఇంటి దగ్గర చిన్నపిల్లలున్న వాళ్లకు ఇంకో కాయ చేతిలో పెట్టి పంపుతున్నాం. ఇది కమిటీ తీర్మానంలో లేని ఖర్చు. సభ ఆమోదం కోరుతున్నాను.

ఎండాకాలంలో చీనీ ధర మన చేతికి అందలేదు. కలింగర (పుచ్చకాయ), దోసకాయలతో నెట్టుకొచ్చాం. క్యారెట్ పిల్లలు ఇష్టంగానే తిన్నారు, టమోటా పచ్చిగా ముట్టలేదు. జామకాయ పెట్టిన రోజు మాత్రం బడి అంతా పండగే.

బడి ఆవరణలో మునగ, బొప్పాయి మొక్కలు నాటాం. సెలవుల్లో వాటికి నీళ్లు పోసే వంతు ఎవరిదో ఇంకా తేలలేదు. పెరట్లో జామ, బొప్పాయి చెట్లున్నవాళ్లు కాపు వచ్చినప్పుడు ఒక మాట చెప్తే మనవాళ్లే వచ్చి కోసుకుంటారు. డబ్బు కన్నా ఇప్పుడు చేతులు కావాలి. జూన్‌లో బడి తెరిచేలోపు, పొద్దున ఒక గంట కత్తిపీట ముందు కూర్చోగలిగినవాళ్లు కార్యదర్శి దగ్గర పేరు రాయించండి.