అది మూడో అడుగా?

కాకినాడ,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

రెండు నెలలుగా నీ ఉత్తరానికి జవాబు రాయనందుకు మన్నించు. అమ్మ కులాసాగా ఉంది, ఇంటికి సున్నం వేయించాము, తక్కిన కబుర్లు మళ్లీ రాస్తాను. నేను రిఫరీగా ఉన్న నిన్నటి బాస్కెట్‌బాల్ సెమీఫైనల్ సంగతి నీతో చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

పదకొండు సెకన్లు మిగిలి ఉన్నాయి, ఒక్క పాయింటు తేడా. వెనుకబడిన జట్టు కుర్రవాడు పరుగులో ఉండగా పాస్ వచ్చింది. బంతి అతని అరచేతులకు తగిలి పైకి ఎగిరింది, కుడి కాలు నేలను తాకింది, ఆ తర్వాతే రెండు చేతులతో బంతిని ఒడిసిపట్టుకుని, ఎడమ, కుడి అడుగులు వేసి లే-అప్ చేశాడు, అంటే బుట్ట దగ్గరికి ఎగిరి బంతి వేశాడు. నేను విజిల్ వేయలేదు. ఎదుటి కోచ్ గారు మూడు వేళ్లు చూపిస్తూ "ట్రావెలింగ్" అని, అంటే బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేశాడని, కోర్టు గీత దాకా వచ్చేశారు.

2017 అక్టోబరులో ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) వారి ట్రావెలింగ్ గురించిన 25వ నిబంధన మారినప్పుడు, హాస్టల్ వరండాలో నువ్వు కొబ్బరిబోండం చేతపట్టుకుని అడుగులు లెక్కపెట్టిన రాత్రి గుర్తుందా? (వార్డెన్ గారు అన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు.) పరుగులో బంతి అదుపులోకి వచ్చేసరికి నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు, ఆ తర్వాత నేలను తాకినదే మొదటి అడుగు. ఆ కుడి కాలు ఆనకముందే బంతి అదుపులోకి వచ్చి ఉంటే మాత్రం కోచ్ గారి మూడు వేళ్లు న్యాయమే. అదుపు అంటే లైవ్ బంతిని, అంటే ఆటలో ఉన్న బంతిని, పట్టుకోవడం లేదా డ్రిబుల్ చేయడం (నేలకు కొడుతూ ఆడించడం) అని పుస్తకం చెబుతుంది. పట్టుకోవడం ఏ క్షణాన మొదలవుతుందన్నదే చిక్కు. డ్రిబుల్ ముగిసే చోట బంతి చేతిలో నిలవడం అన్న మాట ఉంది కదా, నేను దానినే ఆధారం చేసుకున్నాను.

నన్ను కలవరపెడుతున్నది ఇది కాదు. రెండో క్వార్టర్‌లో ఇలాగే తడబడిన ఆటగాడి మీద, అదీ ఈ కోచ్ గారి జట్టు వాడి మీదే, నేను ట్రావెలింగ్ ఇచ్చాను. ఆట ముగిశాక ఆయన గొంతు పెంచకుండా ఆ మాటే అడిగారు. అప్పుడు బంతి అరచేతిలో నిలిచిందని, ఇప్పుడు తగిలి ఎగిరిందని చెప్పాను. "ఎంతసేపు నిలిస్తే నిలిచినట్టు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. నియమాల స్ఫూర్తినీ ఉద్దేశాన్నీ చూడమని, నిర్ణయాలలో నిలకడ ఉండాలని 47వ నిబంధన మనకు చెబుతూనే ఉంది. ఆ నిలకడ నా కళ్లలో ఉందనే ఇప్పటికీ నమ్ముతున్నాను, కానీ గీత అవతల నిలబడిన మనిషికి అది ఎలా కనిపిస్తుంది? ఆ జట్టులో చివరి ఏడాది చదువుతున్న పిల్లలు నలుగురు ఉన్నారట. వాళ్ల ముఖాలు...

నువ్వైతే ఆ రెండింటినీ ఒకే విధంగా ఇచ్చేవాడివా? నా మనసు నొచ్చుకుంటుందని చూడకుండా ఉన్నదున్నట్టు రాయి.

తోటి రిఫరీ దీపం తీసేయమంటున్నాడు. పొద్దున ఏడింటికి మూడో స్థానం కోసం ఆట ఉంది, ఆడేది ఆ కోచ్ గారి జట్టే, విజిల్ మళ్లీ నాదే. ఉంటాను.

నీ మిత్రుడు