మూసిన కొండబాటలో దయచేసి నడవకండి

సంపాదకులకు,

అయ్యా,

కాలిఫోర్నియాలో స్థిరపడిన నేను కొన్నేళ్లుగా తాహో సరస్సు చుట్టూ ఉన్న కొండబాట పనుల్లో స్వచ్ఛందంగా పాల్గొంటున్నాను. వేసవిలో ఆ సరస్సు చూడటానికి వచ్చే తెలుగు కుటుంబాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలచి ఈ లేఖ రాస్తున్నాను.

సరస్సును చుట్టివచ్చే 165 మైళ్ల తాహో రిమ్ ట్రైల్‌లో చాలా భాగం స్వచ్ఛంద కార్యకర్తలు తీసినదే. 1984లో మొదలైన పని 2001కి పూర్తి చుట్టు అయింది. నడిచేవారు, గుర్రాలపై వెళ్లేవారు, చాలా చోట్ల సైకిళ్లవారు కూడా దీన్ని కలిసి వాడుకుంటారు.

నిరుడు మేము పనిచేసిన చోట పాత దారి నిట్టనిలువుగా ఎక్కేది. అక్కడి నేల గ్రానైటు రాయి చితికి ఏర్పడిన గరుకు ఇసుక. దానికి పట్టు తక్కువ. కరిగిన మంచునీరు ఆ దారినే కాలువ చేసుకుని దిగడంతో గాడి పడింది, గాడిని తప్పించుకోవడానికి జనం పక్కన అడుగులు వేయడంతో పక్క నేల కూడా కోసుకుపోయింది, చివరికి అది ఒక గండిలా తయారైంది. అలా కోసుకుపోయిన మట్టి సరస్సు నీటి తేటదనాన్ని తగ్గిస్తుంది. ఆ తేటదనం కొలవడానికి నీటిలోకి దించిన తెల్ల పళ్లెం 1968లో దాదాపు 100 అడుగుల లోతు వరకు కనబడిన ఈ సరస్సులో ఇటీవల అది 60, 70 అడుగుల దగ్గరే మరుగవుతోంది. దానికి ఊళ్ల నుంచీ రోడ్ల నుంచీ వచ్చే సన్నని మట్టే ప్రధాన కారణమైనా, కోత పడిన బాటలు కూడా తమ వంతు చేరుస్తాయి.

అందుకే కొత్త బాటను మన ఘాట్ రోడ్ల మాదిరి మలుపులు తిప్పుతూ, కొండ పక్కవాటుగా తీశాం. బాట ఎక్కుడు కొండ వాలులో సగానికి మించరాదు, సగటున నూటికి పది దాటరాదు అన్నది ఈ పనిలో అందరూ పాటించే లెక్క. బాట బయటి అంచును కొద్దిగా వాల్చి, ఎక్కుడు మధ్యలో అక్కడక్కడ చిన్న దిగుడు పెడితే నీరు బాట వెంట పారకుండా అడ్డంగా దాటిపోతుంది.

కొత్త బాట తీయడం కన్నా పాతదాన్ని మాన్పడమే కష్టం. గట్టిపడిన నేలను గుల్లచేసి, అడ్డంగా రాళ్లూ దుంగలూ పేర్చి, పైన కంప వేశాం. సరస్సు మట్టమే 6,200 అడుగుల ఎత్తున ఉన్న ఈ చలి ప్రాంతంలో పొదలు తిరిగి లేవడానికి ఏళ్లు పడుతుంది. ఆ కంపను తొక్కుకుంటూ దగ్గరి దారి అని దిగుతున్న ఒక కుటుంబం నోట తెలుగు మాటలు వినబడినప్పుడు నా ప్రాణం చివుక్కుమంది. వారు తెలియక చేశారనే నమ్ముతున్నాను. చేను గట్టున కంప వేస్తే దాని అర్థం మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడా దాని అర్థం అదే.

చుట్టైనా కొత్త బాటలోనే నడవమనీ, గుర్రం ఎదురైతే ఆగి దారి ఇవ్వమనీ కోరుతున్నాను. అనుభవం లేనివారిని కూడా ఈ పనికి చేర్చుకుంటారు, పనిముట్లు అక్కడే ఇస్తారు. ఇక్కడ ఉండే తెలుగువారు వేసవిలో ఒక్క రోజు వచ్చి మాతో పార పట్టాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శాక్రమెంటో